కుక్కగారి స్నానం

“ఆ కుక్క ఫొటో తీసేయ్ ఎమెరితా, నా మాట విను,” అంది జిమేనా టీచరు మళ్ళీ.

“తియ్యను,” అంది ఎమెరిత, బట్టల క్లిప్పు పళ్ళ మధ్య పెట్టుకునే.

సాన్ గాబినో కొండ మీద ఉమ్మడి వంటశాల ముందు, బట్టలారేసే తాళ్ళకి ఆ రోజు ఫొటోలు వేలాడుతున్నాయి. లీమా నగరం నడిబొడ్డు నుంచి వచ్చిన జిమేనా వంటశాల ఆడవాళ్ళకి కెమెరాలిచ్చి, మీ నీళ్ళ కష్టం మీరే ఫొటోలు తీయండి, అధికారుల్ని పిలిచి మనమే చూపిద్దాం అంది. ఆడవాళ్ళు తీశారు. ట్యాంకరు కోసం పడిగాపులు, ఇసుక మెట్ల మీద బకెట్లు, నాచు పట్టిన నీలం పీపాలు, గిన్నెలు కడిగిన నీళ్ళతోనే గచ్చు తుడుస్తున్న బెనీత. అన్నీ చక్కగా కుదిరాయి.

ఎమెరిత ఒక్కతే కుక్క ఫొటో తెచ్చింది. పాలరాతి గచ్చు మీద, నురగలో మునిగి, దర్జాగా కళ్ళు మూసుకున్న పెద్ద తెల్ల కుక్క. పక్కన నీళ్ళ పైపు పట్టుకున్న చెయ్యి. అంతే. పైగా దాన్ని సరిగ్గా మధ్యలో తగిలించింది.

“నీళ్ళ కష్టం తీయమంటే కుక్క భోగం తీసుకొచ్చావేంటక్కా?” అంది బెనీత.

“నీళ్ళు కనపడిన చోట తీశానే. మన కొండ మీద కనపడితే ఇక్కడే తీసేదాన్ని.”

అందరూ పగలబడి నవ్వారు. కొండ నెత్తిన పొడవాటి గోడ ఉంది. దాని అవతల పచ్చిక తోటలు, ఈత కొలనులు. ఇవతలి ఆడవాళ్ళలో సగం మంది పొద్దున్నే అటే పనికి పోతారు కనుక, ఫొటో ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

జిమేనా మాత్రం నవ్వలేదు. “వెక్కిరించినట్టుంటుంది. మధ్యాహ్నం వచ్చే నీళ్ళ ఇంజనీరుగారికి కోపమొస్తే మన పని గోవిందా. ఈ ఏడాది ఏ కొండకి గొట్టాలు వెయ్యాలో తేల్చేది ఆయనే. ఇప్పుడు కాదంటే మళ్ళీ ఎన్నేళ్ళకో!”

“పోనీ, సభనే అడుగుదాం,” అంది ఎమెరిత.

ఆ కొండ మీద అందరూ సభలో చేతులెత్తందే చీపురు కూడా కొనరు. ఫొటోలూ అంతే. తీసినవాళ్ళ పేరు కింద రాయరు. ఎవరు తీసినా అది సభ సొత్తు. చేతులు లేచాయి. కుక్క మధ్యలోనే ఉండిపోయింది. జిమేనా నుదురు కొట్టుకుంది.

మధ్యాహ్నం ఇంజనీరు ఆల్ఫారో ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. మెరిసే బూట్ల నిండా ఇసుక. వెనకే మైకు పట్టుకుని రేడియో విలేఖరి అమ్మాయి.

“ఏమ్మా, నీ పేరేంటి?” అన్నాడు ఎదురొచ్చిన ఎమెరితని.

“ఎమెరిత సార్.”

“ఇక్కడ పెద్దదానివి నువ్వేనా?”

“ఈ ఏడాదికి వంటశాల నాది. వచ్చే ఏడాది ఇంకొకరిది.”

ఆయన తాళ్ళ వెంట నడిచాడు. ఒక్క ఫొటో దగ్గరా నిలబడలేదు. పెళ్ళి విందులో కడుపు నిండి పెరుగన్నం దగ్గరకొచ్చిన పెద్దమనిషి మొహంలా ఉంది ఆయన మొహం.

“ఈ బకెట్లు ప్రతి కొండ మీదా చూపిస్తున్నారమ్మా. నీళ్ళు నేనేమైనా జేబులో దాచుకున్నానా? ఊరు మొత్తానికే కరువు. అందరం సర్దుకోవాలి. మా ఇంట్లో కూడా చుక్క చుక్కా చూసుకునే వాడతాం,” అన్నాడు మైకు వైపు తిరిగి.

ఆ ఊపులోనే మధ్య తాడు దగ్గరకొచ్చి ఆగాడు. కుక్క కింద అట్టముక్క మీద ఇలా ఉంది: ‘ఈ స్నానం నీళ్ళతో మా వంటశాలలో రోజంతా వంట.’

ఆయన చాలాసేపు చూశాడు. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

“దీనికేమంటారు సార్?” అని మైకు ముందుకు చాపింది విలేఖరి.

ఆయన చేత్తో మైకుని పక్కకి నెట్టాడు. ఎమెరిత వైపు తిరిగాడు. “ఇది ఎవరు తీశారమ్మా?”

“అందరం తీశాం సార్. ఇక్కడ పేర్లుండవు.”

“చాలా బాగుంది. నాకివ్వండి. ఆఫీసులో చూపిస్తాను.”

“సభ ఒప్పుకోవాలి సార్.” ఎమెరిత వెనక్కి తిరిగి గొంతెత్తింది. “కొళాయిలో నీళ్ళొచ్చేదాకా కుక్క ఇక్కడే ఉండాలనేవాళ్ళు?”

గరిటెలతో సహా చేతులన్నీ లేచాయి. కళ్ళు నులుముకుంటూ జిమేనా కూడా ఎత్తింది.

ఇంజనీరు ఆ చేతుల వంకా, మైకు వంకా చూశాడు. “సాన్ గాబినోకి ఈ ఏడాదే నీళ్ళు,” అన్నాడు గట్టిగా. “కొలతలకి రేపే మనుషుల్ని పంపుతున్నాను.”

బెనీత గరిటె పుచ్చుకుని పప్పు గుండిగని డప్పులా వాయించేసింది. ముసలాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కావలించుకున్నారు. ఎన్నో అర్జీలకి కదలని పని ఒక్క పూటలో అయిపోయింది. ఎమెరితకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంజనీరు మాత్రం పప్పన్నం తినమన్నా వినకుండా గబగబా మెట్లు దిగిపోయాడు.

జిమేనా వచ్చి ఎమెరిత చేతులు పట్టుకుంది. “నాదే తప్పు. అన్ని బకెట్లు కదిలించలేని మనసుని నీ కుక్క కదిలించింది. మంచివాడే పాపం!”

“మంచివాడే. ఇక వస్తా టీచరమ్మా, పెందలాడే పడుకోవాలి. రేపు పొద్దున్నే దానికి మళ్ళీ స్నానం.”

“అవునూ, ఇంతకీ ఎవరింట్లో నువ్వు పనిచేసేది?”

ఎమెరిత కొండ కింద దుమ్ము రేపుకుంటూ పోతున్న ఇంజనీరు కారు వైపు గడ్డంతో చూపించింది.

“ఆయనింట్లోనే, ఎనిమిదేళ్ళుగా.”