వీరాయమ్మ మొక్కు

"మనవడు గట్టిగా ఏడ్చేదాకా నా బీపీ బిళ్ళ ముట్టనని ఐనవిల్లి వినాయకుడికి మొక్కేనండీ," అంది వీరాయమ్మ.

నిన్న పుట్టినవాడు అద్దాలపెట్టెలో కదలకుండా పడుకున్నాడు. వాడి చేతికి వేలెడంత బీపీ పట్టీ చుడుతూ డాక్టరు భవానీదేవి నవ్వింది.

"ఆయన ఉండ్రాళ్ళు అడుగుతాడు గానీ, మీ బిళ్ళలెందుకు మామ్మగారూ?"

"పసిగుడ్డుకి బీపీ ఏంటండీ?"

"పుట్టేటప్పుడు గాలందక మెదడు దెబ్బతింది కదండీ. బీపీ తగ్గితే దానికి రక్తం అందదు. మరీ పెరిగితే నరం చిట్లుతుంది. అందుకే మందు చుక్కచుక్కా చూసి ఎక్కిస్తున్నాం. మీ నరాలేమైనా ఇనప తీగలా? పక్కనే మీకూ మంచం వెయ్యమంటారా?"

పట్టీ బిగిసి వదిలింది. వాడు ఉలకలేదు.

వీరాయమ్మ వాణ్ణే చూస్తూ కొంగుముడి విప్పి, బిళ్ళ నోట్లో వేసుకుంది.

"ఉండ్రాళ్ళే పోస్తాలెండి. వాడు ఏడ్చినప్పుడు ఎత్తుకోడానికి నేనుండాలి కదా."