రెప్పల కొట్టులో కాటుక

కాకినాడలో వీధికో రెప్పల కొట్టు వెలిసిన రోజులవి. కూరలకని బయల్దేరినవాళ్లు దారిలో ఓ పావుగంట ఆగి, కనురెప్పలు దిద్దించుకుని పోయేవారు. కనకరత్నం కొట్టుకి హైమ రావడం మాత్రం అది తొమ్మిదోసారి.

"ఎడమ రెప్ప మళ్లీ వాలిందండి పిన్నిగారూ," అంటూ కుర్చీలో కూలబడింది హైమ.

కనకరత్నం కొలత యంత్రం పెట్టి చూసింది. రెండూ సమానమేనంది యంత్రం. హైమ నమ్మలేదు. అద్దానికి ముక్కు ఆనించి మరీ వెతికింది.

"ఆఫీసులో అందరూ దీన్నే చూస్తున్నారండి. ఈ ఒక్కసారికి సరిచేసెయ్యండి, ఇంక రాను."

"పోయినసారీ ఈ మాటే అన్నావు తల్లీ. రెప్ప పల్చబడిపోయింది. ఇంకోసారి ముట్టుకున్నానంటే నిద్దర్లో కూడా కన్ను మూతపడదు."

హైమకి కళ్లనీళ్లు తిరిగాయి. కనకరత్నం యంత్రం కట్టేసి, సొరుగులోంచి తన కాటుక భరిణె తీసింది. వేలికి కాస్త అద్దుకుని, హైమ చెవి వెనక చిన్న చుక్క పెట్టింది.

"ఇదెందుకండి?"

"ఇంత చక్కని పిల్లవి, అలా బయటికెళ్తే దిష్టి తగలదేటి?"

తుడుచుకోబోయిన హైమ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. చిన్నప్పుడు అమ్మ పెట్టేది ఆ చుక్క. ఆ తర్వాత తనకి దిష్టి తగులుతుందని ఎవరూ భయపడలేదు. తొమ్మిదిసార్లు కొలిచిన యంత్రం కూడా సమానంగా ఉన్నావందే గాని, చక్కగా ఉన్నావని ఒక్కసారీ అనలేదు.

"చెరిగిపోతే మళ్లీ వస్తానండి," అంటూ లేచింది హైమ, అద్దం వైపు చూడకుండానే.