ఉత్తుత్తి పేషెంటు

కూర్మమ్మ డయాలసిస్ స్లాట్ మళ్ళీ రద్దయింది. ఈ వారంలో ఇది మూడోసారి.

"మీ హెల్త్ కార్డుమీద నుంచే రద్దు చేశారండీ," అంది విజయనగరం ఆసుపత్రిలో ఫోనెత్తిన అమ్మాయి. "యాప్‌లో మళ్ళీ బుక్ చేసుకోండి."

"నేను చెయ్యలేదండీ బాబూ! అమ్మకి కాళ్ళు నీరుపట్టేశాయి," అన్నాడు గోపి. అవతల ఫోను పెట్టేశారు. నిన్న ఆటోలో తీసుకెళితే, స్లాట్ చూపించందే లోపలికి రానివ్వలేదు.

గోపికి ఏడుపొక్కటే తక్కువ. ఆ యాప్ తయారుచేసింది అతని కంపెనీయే. దాన్ని పరీక్షించేది సాక్షాత్తూ అతనే! నెల్లిమర్లలో ఇంట్లో కూర్చుని అతను రాసిన పరీక్ష ప్రోగ్రాము, కంపెనీ అద్దెకు తీసుకున్న కంప్యూటర్ల గుంపులో, అదే క్లస్టర్‌లో, తనంతట తానే నడుస్తుంది. నడిచిన ప్రతిసారీ కంటైనర్ అని, ఆ ఒక్క పనికోసం ఓ బుల్లి కంప్యూటర్‌లాంటిది కొత్తగా పుడుతుంది. అందులోంచి ఓ ఉత్తుత్తి పేషెంటు యాప్‌లోకి వెళ్ళి, స్లాట్ బుక్ చేసి, మళ్ళీ తన కార్డుమీదున్న బుకింగులన్నీ తుడిచేసి వస్తుంది. కంటైనర్ మాయం. అంతా సరిగ్గా జరిగితే తెరమీద పచ్చగీత, తేడా వస్తే ఎర్రగీత.

పోయిన వారందాకా ఈ తంతంతా ఆసుపత్రి యాప్‌కి తీసిన నకలు మీదే జరిగేది. క్లస్టర్‌లో చోటు చాలక ఆ నకలును చెరిపేశారు.

"ఉత్తుత్తి పేషెంటే కదా, అసలు దానిమీదే నడిపించు. ఎవడికి నష్టం?" అన్నాడు మేనేజర్ మురళీమోహన్.

ఇప్పుడు గోపి మొరపెట్టుకున్నదీ అతనికే.

"యాప్‌లో తప్పేం లేదయ్యా. నీ పరీక్షే చూసుకో. అన్నీ పచ్చగీతలే."

నిజమే. అన్నీ పచ్చగీతలే. గోపికి ఒళ్ళు మండిపోయింది. ఆ స్లాట్ల దొంగను పట్టి తీరాలని, రోజుకోసారి నడిచే పరీక్షను పది నిమిషాలకోసారి నడిచేలా మార్చాడు. అయినా, మధ్యాహ్నం నానా తంటాలు పడి సంపాదించిన స్లాటు పావుగంటలో ఎగిరిపోయింది.

కూర్మమ్మ గోడకి ఆనుకుని ఆయాసపడుతోంది. పడుకుంటే ఊపిరాడటం లేదు.

"ఒరే గోపీ, ఆ పచ్చగీతలేటిరా?"

"ఉత్తుత్తి పేషెంటమ్మా. స్లాట్ బుక్ సేసి, తీసేస్తాది."

"పాపం. ఏ పేరెట్టినావురా దానికి?"

"పేరేటీ లేదమ్మా. కార్డు నంబరొకటి కొట్టినాను..."

రెండేళ్ళ కిందట గోపి ఆ పరీక్ష రాసేటప్పుడు, తనకు కంఠతా వచ్చిన కార్డు నంబరు అదొక్కటేనని, అమ్మదే కొట్టాడు.