పాప పెంచిన గొల్లభామ

గాజు పెట్టె అడుగున గొల్లభామ వెల్లకిలా పడి ఉంది. వాచీలు బాగుచేసే ఆయన, చేతిలోని పట్టకారుతో దాన్ని మెల్లగా కదిపి చూశాడు. ఉలకలేదు, పలకలేదు. ఆర్కిడ్ పూరేకుల్లాంటి కాళ్లు, తెలుపు మీద లేత గులాబీ ఛాయ, అన్నీ ఉన్నాయి. ప్రాణమే లేదు.

ఆయనకి ఏడుపు రాలేదు. పాప పోయిన దగ్గర్నుంచీ, ఏడాది దాటినా, ఆయనకి ఏదీ రావడం లేదు. తిన్నావా అంటే తిన్నానంటాడు, అంతే. ఇప్పుడు మాత్రం భార్య గుర్తొచ్చి భయమేసింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగి రాగానే చెప్పులైనా విడవకుండా ముందు ఈ పెట్టె దగ్గరికే వస్తుంది. "పాప చేత్తో పెంచుకున్నదండీ. ఇదొక్కటీ ఉంటే చాలు నాకు" అని ఎన్నిసార్లు అందో! ఇదీ పోయిందని తెలిస్తే మనిషి దక్కదు.

చచ్చినదాన్ని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని, కొట్టు మూసి, పెంపుడు జంతువులు అమ్మే దుకాణానికి పరుగెత్తాడు.

"అచ్చం పువ్వులా ఉంటుందే, ఆ గొల్లభామ కావాలి. ఇంతది" అంటూ చూపుడువేలు చూపించాడు.

"పెద్దవి అయిపోయాయి సార్. ఈ పిల్ల ఒక్కటే మిగిలింది."

"మరీ ఇంత బక్కదా?"

"పెరుగుతుంది సార్. కాస్త ఓపిక పట్టాలి."

ఓపిక పట్టడానికి వేళెక్కడిది, ఆవిడ వచ్చేస్తుంటే! ఆయన ఇంకేం మాట్లాడకుండా దాన్నే తెచ్చి పెట్టెలో కొమ్మ మీద వదిలాడు.

చెప్పులు గచ్చు మీద టపటపలాడాయి. ఆవిడ వచ్చి పెట్టె ముందు నిలబడింది. ఆయన భూతద్దం కంటికి తగిలించుకుని ఓ పాత వాచీలోకి తల దూర్చాడు.

"ఏమండీ, ఇదేంటి ఇలా అయిపోయింది?"

"మధ్యాహ్నం కుబుసం విడిచిందిలే. అందుకే కాస్త చిక్కింది." దారి పొడుగునా వల్లె వేసుకున్న మాట కాబట్టి గొంతు తడబడలేదు.

"అలాగా."

ఆవిడ సీసాలోంచి ఒక ఈగని పెట్టెలోకి వదిలింది. పిల్ల లటుక్కున పట్టుకుంది. అది తినడం పూర్తయ్యేదాకా ఆవిడ అలాగే చూస్తూ నిలబడింది. కోపం లేదు, కన్నీళ్లు లేవు. గండం గడిచిందనుకుని ఆయన ఊపిరి వదిలాడు.

"కుబుసం విడిస్తే ఇవి పెరుగుతాయండీ, తగ్గవు" అంది ఆవిడ, పెట్టెకి మూత పెడుతూ. "కాస్త పెద్దది చూసి తేవాల్సింది. పోయినేడాది నేను తెచ్చినప్పుడు మీరసలు కనిపెట్టనేలేదు."