ఎదురుకాళ్ళ మనిషి

"తొక్కను," అంది మాలకొండమ్మ.

మంచం మీద బోర్లా పడుకున్న ముత్యాలయ్య మూలిగాడు. నెలల తరబడి నడుం నొప్పి. పులికాట్ సరస్సులో వల వేయాల్సిన మనిషి గోడ పట్టుకుని కూడా గుమ్మం దాటలేకపోతున్నాడు.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే నడుం పట్టు వదులుతుందని ఊరందరి నమ్మకం. మాలకొండమ్మ అలా పుట్టిన మనిషే. చిట్టమూరు వైపు నుంచి వంకాయలు తెచ్చి, ఎండుచేపలకు మార్చుకుపోతుంటుంది. ముత్యాలయ్య కొడుకు చిన్నపోలయ్య దారికాచి ఆమెను ఇంటికి తీసుకొచ్చాడు.

"తొక్కక్కా, నీకు దండం పెడతా," అన్నాడు.

ఆమె ముత్యాలయ్య నడుం మీద వేలు ఆనించింది. ఆయన కెవ్వుమన్నాడు. చటుక్కున చేయి తీసేసింది.

"పండుకున్నా తగ్గదు గదా?"

"తగ్గదు."

"ఒంటికి సన్నంగా పోతన్నాడా?"

ముత్యాలయ్య భార్య పేరమ్మకు ఒళ్ళు మండింది. పరాయి ఆడది మగవాడి మూత్రం గురించి అడగవలసిన మాటేనా అది!

"సిగ్గులేదా నీకు? తొక్కితే తొక్కు, లేకుంటే పో!"

"ఇది పట్టు కాదమ్మా. ఎవురి చేతా తొక్కించబాకండి. ఆసుపత్రికి తీసకపోండి. నేను చెప్పేది..."

"నువ్వు చెప్పింది చాల్లే!"

పేరమ్మ గంప తీసి బయట పడేసింది. వంకాయలు ఇసుకలో దొర్లాయి. వాటిని ఏరుకుంటూ కూడా మాలకొండమ్మ అదే మాట అంది. బతిమాలించుకోవాలని చూస్తోందన్నారు ఇరుగుపొరుగు.

మర్నాడు పక్క పాలెం నుంచి ఓబులేసు వచ్చాడు. అతనూ ఎదురుకాళ్ళతో పుట్టినవాడే. పాపం, మంచివాడు. దూలం పట్టుకుని మెల్లగానే కాలు మోపాడు.

లోపల ఏదో పుటుక్కుమంది.

ముత్యాలయ్య ఈసారి అరవలేదు.

"రేయ్, నా కాళ్ళు యాడరా?" అన్నాడు.

నాయుడుపేట దాకా ఎద్దులబండి, అక్కడి నుంచి మద్రాసుకు రైలు. దారి పొడుగునా ఆయన అదే అడిగాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూశాడు. మూత్రసంచి కింద గ్రంథిలో రాచపుండు పుట్టి ఎముకలకు పాకిందన్నాడు. గుల్లబారిన వెన్నుపూస తొక్కుడికి నలిగిపోయిందన్నాడు. ఆపరేషన్ చేసి మాత్రలిచ్చారు. నొప్పి తగ్గింది.

"కాళ్ళు, సార్?"

"ఇక రావు. తొక్కించకుండా ముందే తెచ్చుంటే, ఇవే మాత్రలతో కొన్నాళ్ళయినా నడిచేవాడయ్యా."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? చిన్నపోలయ్య ఆసుపత్రి వరండాలోనే కూలబడి ఏడ్చాడు.

తండ్రిని ఇంటికి మోసుకొచ్చాక, మాలకొండమ్మను వెతుక్కుంటూ వెళ్ళాడు. కాళ్ళ మీద పడి తప్పయిపోయిందని చెప్పాలి. ఇంకేం చేయగలడు?

ఆమె ఇంటి వసారాలో నులకమంచం మీద ఒక మనిషి ఉన్నాడు. నడుం కింద కదలిక లేదు. మాలకొండమ్మ ఆయనను పక్కకు తిప్పి వీపు మీది పుండ్లు తుడుస్తోంది.

"ఎవురక్కా?"

"మా ఆయన. మీ నాయన జబ్బే."

చిన్నపోలయ్య ఆ మనిషి కాళ్ళ వంక చూశాడు.

"ఈయన్నెవురు తొక్కినారక్కా?"

ఆమె తుడవడం ఆపలేదు.

"ఊరందరికీ తొక్కేదాన్ని. కట్టుకున్నోడు నొప్పని ఏడస్తా ఉంటే, తొక్కకుండా ఉంటానా నాయనా?"