ఆరకపోతే చాలు

"నీ గాజుముక్కలు పట్టుకుని వెంటనే రావే," అంది అక్క ఫోన్లో.

అక్క ఆస్పత్రిలో నర్సు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు ఆమెది. ఆ వార్డు తలుపు పక్కనే ఎవరిదో తెలియని సూట్‌కేసు ఒకటి ఉంది. బాంబు పెట్టామని బెదిరింపు ఫోను కూడా వచ్చిందట. పోలీసు కుక్కలు ఇంకా ఎక్కడో దారిలోనే ఉన్నాయి.

చెల్లెలు పరిశోధకురాలు. ల్యాబ్ ఆస్పత్రికి రెండు వీధుల అవతల. ఇంట్లో ఆమె పనంటే అందరికీ వేళాకోళమే. "మా చెల్లి ఏళ్ల తరబడి చదివి మిణుగురు పురుగుల్ని కనిపెట్టింది," అని చుట్టాల్లో చెప్పి నవ్వించేది కూడా ఈ అక్కే.

చెల్లెలు ల్యాబ్‌లో డ్రాయరు లాగింది. వరసగా గాజుబిళ్లలు. వాటి మీద కంటికి ఆనని పల్చటి పొరలు. కార్బన్‌తో కట్టిన సెమీకండక్టర్ అణువులవి. ఊదారంగు లైటు వేస్తే ఆ వెలుగును మింగి, ఆకుపచ్చ వెలుగును కక్కుతాయి. అణువులన్నీ చేతులు పట్టుకుని నిలబడ్డట్టు ఉంటాయి. పేలుడు పదార్థం ఆవిరి రవ్వంత వచ్చి వాటిని తాకితే చాలు, ఆ చుట్టుపక్కల వెలుగంతా అదే లాగేసుకుంటుంది. పొర ఆరిపోతుంది.

చిక్కల్లా ఒకటే. ఇవి ఎండ కన్నెరగని సుకుమారులు. నాలుగు రోజులు ఊరికే గాలి తగిలినా వాటంతట అవే వెలవెలబోతాయి. ఒక్కొక్కదాని మీదా లైటు వేసి చూసింది. మసక. ఇదీ మసకే. కొత్తది తయారుచేసే వ్యవధి లేదు. అడుగున ఉన్న ఒక్కటి మాత్రం ధగధగలాడింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. దాన్ని డబ్బాలో పెట్టుకుని పరుగెత్తింది.

వరండా అంతా ఖాళీ చేయించారు. బాంబు స్క్వాడ్ ఆఫీసరు ఆమెను గుర్తుపట్టాడు. ల్యాబ్‌కొచ్చి, ఇలాంటి పొర ఒకటి తన కళ్లముందే ఆరిపోవడం చూసివెళ్లిన మనిషే.

"పిల్లల్ని బయటికి తీసుకెళ్లలేరా?" అని అక్కని అడిగాడు.

"అందరూ మెషీన్ల మీద ఉన్నారు సార్. కదిపితే ఇద్దరు ముగ్గురు దక్కరు."

"కదపకుండా వదిలేశాక అది నిజంగా బాంబైతే?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అక్క చెల్లెలి వైపు తిరిగింది. "నువ్వే చెప్పాలే."

చెల్లెలు సూట్‌కేసు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. బిళ్లని జిప్పుకి ఆనించినంత దగ్గరగా పెట్టి లైటు వేసింది. ఆకుపచ్చ. జిప్పు వెంబడే మెల్లగా జరిపింది. ఆకుపచ్చ. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు.

"ఆరకు తల్లీ, నీకు దణ్ణం పెడతా, ఆరకు," అని గొణుక్కుంది. సైన్సు చదివినదై ఉండి గాజుముక్కకు దణ్ణమేమిటని నవ్వకండి. గోడకి అవతల గుప్పెడంత పిల్లలు నిద్రపోతున్నారు.

"తగ్గిందా?" అన్నాడు ఆఫీసరు.

"పిసరంత కూడా తగ్గలేదు సార్."

"ఖాయమేనా?"

"ఖాయం."

ఆఫీసరు వాకీటాకీ తీశాడు. "పిల్లల్ని కదపక్కర్లేదు. అంబులెన్సుల్ని వెనక్కి పంపెయ్యండి. మిగతాది కుక్కలొచ్చాక తీరిగ్గా చూద్దాం."

అక్క ఒక్క ఉదుటున వచ్చి చెల్లెల్ని కావలించుకుని భోరుమంది. "ఇంకోసారి మిణుగురులూ అంటే నన్ను చెప్పుతో కొట్టవే," అంది. ఇన్నేళ్లకి ఆ మాట విన్న చెల్లెలు అప్పుడు తుడుచుకుంది కళ్లు.

"ఏదీ, ఒక్కసారి చూడనీ," అంటూ అక్క ఆ బిళ్లని అందుకుంది.

"అయ్యో, పొర మీద వేలు పెట్టకక్కా! పాడైపోతుంది."

"పొర ఎక్కడే? ఇటూ గాజే, అటూ గాజేగా!"

చెల్లెలు బిళ్లని లాక్కుని అంచు చూసింది: గాలి తగలకపోతే ఎన్నాళ్లు వెలుగుతుందో చూద్దామని, పొర మీద రెండో గాజు బోర్లించి, ఏ ఆవిరీ చొరబడకుండా చుట్టూ జిగురుతో మూసేసింది, కిందటి నెల తన చేత్తో తనే.