ఎరుగను

తెర మీద రెండు ఫోటోలు వచ్చాయి. ఎడమవైపుది పాస్‌పోర్టు ఫోటో. కుడివైపుది కెమెరా తీసింది. కవిత మౌస్ వదిలి తెర దగ్గరకు వంగింది.

రెండింట్లోనూ ఉన్నది ఆమె మొగుడు రామ్‌చందర్.

కుడివైపు ఫోటోలో గడ్డం మాసి, దవడలు పీక్కుపోయి ఉన్నాడు. వెనక ఉత్త తెల్లగోడ. జీతాలివ్వలేదని అతను పనికి పోయిన ఎడారి దేశంలో కూలీలంతా రోడ్డెక్కిన నాటి నుంచి అతని ఫోన్ లేదు. దొరికినవాళ్లను లోపలేస్తున్నారని విన్నది. ఈయన ఎక్కడో దాక్కుని ఉంటాడనుకుంటూ రోజులు నెడుతోంది.

ఖమ్మంలోని ఈ కంపెనీ, ముఖాన్ని బట్టి మనిషిని పోల్చే కెమెరాలను ఆ దేశం పోలీసులకు అమ్మింది. మిషన్ తేల్చుకోలేని ముఖాలు ఇక్కడికొస్తాయి. ఇద్దరూ ఒకరేనా? ‘అవును’ అనో ‘కాదు’ అనో నొక్కాలి. నొక్కాక మార్చడానికి లేదు.

వీటితో వాళ్లేం చేస్తారని చేరిన కొత్తలో ఒకసారి అడిగింది. టీం లీడర్ వెంకటకృష్ణ నవ్వాడు.

“గొడ్డలి అమ్మినోణ్ణి ఏ చెట్టు కొట్టారని అడుగుతామా, కవితా? మనది అమ్మడం వరకే.”

కవితది జూలూరుపాడు అవతల, అడవి అంచు తండా. ఆమె చిన్నప్పుడు పోలీసులు ఫోటోలు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగేవాళ్లు. వీణ్ణి ఎరుగుదువా అని అడిగేవాళ్లు. సొంత తమ్ముడి ఫోటో చూపించినా తల్లి కమ్లి రెప్ప కొట్టేది కాదు. ఎరుగనంటే మనిషి ఉంటాడు, ఎరుగుదునంటే పోతాడు. ఆ తండాలో పిల్లలకు నడకతో పాటు నేర్పే మాట అది.

అవే రెండు ఫోటోలు పక్క సీటు శ్యామలకూ వస్తాయి. ఇద్దరి జవాబూ కలవాలి. శ్యామలదీ అదే తండా. కవిత కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

“మీ బావ వచ్చిండు. కాదని నొక్కు.”

శ్యామల తెర వంక చూసింది.

“సారు కనిపెడితే ఇద్దరి నౌకరీలు పోతయక్కా.”

“పోనీ. మనిషి ఉంటడు.”

శ్యామల నొక్కింది. ఆ వెనకే కవిత నొక్కింది. రామ్‌చందర్ ముఖం తెర మీంచి పోయి, ఇంకెవరిదో వచ్చింది.

గుండె మీంచి బండ దించినట్టయింది. చాలా రోజుల తర్వాత ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా మొత్తం ఖాళీ చేసింది. వేళ్లు కూడా నాకిందని శ్యామల ఎగతాళి చేసింది.

సాయంత్రం వెంకటకృష్ణ మిర్చిబజ్జీల పొట్లాలతో వచ్చాడు. అక్కడి పోలీసు సారువాళ్లు ఫోన్ చేసి మెచ్చుకున్నారట. ఒక పొట్లం విప్పి కవిత ముందు పెట్టాడు.

“మంచి పని చేశారమ్మా, ఏ పాస్‌పోర్టు ఎవరిదో తేలింది కాబట్టి ఇవాళ మీరు ‘అవును’ అన్నవాళ్లందర్నీ రేపు జైలు నుంచి వదిలేసి, ఇళ్లకు విమానం ఎక్కిస్తారంట.”